పెయింటు బకెట్లో వంగనారు

నేను ఒక పెయింటు బకెట్ని. చిన్నచూపు చూడకండి. రాజమండ్రిలో ఒక పెళ్ళివారింటి గోడలన్నీ మెరిసింది నేను మోసిన రంగుతోనే. రంగు అయిపోగానే మేస్త్రీ నన్ను సుభద్రమ్మగారికి ఇచ్చేశాడు. ఆవిడ కొన్నాళ్ళు నాలో విడిచిన బట్టలు నానబెట్టింది. ఆ రోజుల గురించి నేను ఎక్కువ మాట్లాడను.

తర్వాత ఒకనాడు ఇనపచువ్వ కాల్చి నా అడుగున చిల్లులు పెట్టింది. మంట పుట్టిన మాట నిజమే. కానీ మట్టీ పశువుల ఎరువూ నింపి డాబా ఎక్కించాక నా హోదాయే మారిపోయింది. నాలో వేసినవి మామూలు గింజలు కావు. ఆవిడ తల్లి ఏటా బూడిదలో కలిపి దాచుకున్న ముళ్ళవంగ విత్తనాలు. ఆ తల్లి పోయింది. మిగిలిన చిటికెడూ నాలో వేస్తే ఒక్కటే మొలిచింది. అదీ పోతే ఆ వంకాయ ఇక లేనట్టే.

బియ్యం కడిగిన నీళ్ళు తాగి దాన్ని విరగకాయించాను. చివరి కాపులో ఒక కాయను సుభద్రమ్మగారు విత్తనానికి వదిలి, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టింది. కాయ పసుపురంగుకు తిరిగింది.

ఆవిడ బజారుకు వెళ్ళినప్పుడు భర్త సూర్యారావుగారు ఒక స్నేహితుణ్ణి డాబా మీదికి తెచ్చారు. "మా పంటే. కూర చేసి పెడతానుండు" అని ఆ కాయనే కోసేశారు! కాసేపటికి ఒక్కరే పైకొచ్చి, కూరకు పనికిరాని, గింజలతో నిండిన ముక్కలన్నీ నా మట్టిలో పూడ్చి దిగిపోయారు. ఆవిడ అడిగితే మాత్రం, కోతి ఎత్తుకుపోయి ఉంటుందన్నారు.

"మా అమ్మ ఇవాళ పోయినట్టుంది" అంటూ ఆవిడ నా పక్కన కూర్చుని ఏడ్చింది. నాకూ దుఃఖం వచ్చింది. చెబుదామంటే నోరు లేదు. ఆవిడ నీళ్ళు పోయడం మానేసింది. వానలు మానలేదు.

ఒక ఉదయం బట్టలు ఆరేయడానికి వచ్చి, నాలో గుబురుగా లేచిన నారు చూసింది. ఆకు మీద వేలు పెట్టింది. సన్నటి ముల్లు గుచ్చుకుంది.

"ఏమండీ, కోతి వంగనారు కూడా పోస్తుందా?"

సూర్యారావుగారు తల దించుకున్నారు. "ఆ గుడ్డ దిష్టికి కట్టావనుకున్నాను సుభద్రా. నువ్వు ఏడుస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నారు తీసి వీధిలో ఇంటింటికీ పంచింది. "ఒక్కచోటే ఉంచితే మా ఆయన ఒక్కరు చాలు" అని అందరికీ చెప్పింది.

ఇప్పుడు ఏ డాబా చూసినా ముళ్ళవంకాయే. రంగురంగుల కుండీలూ సిమెంటు తొట్లూ దాన్ని మోస్తూ తెగ మిడిసిపడుతున్నాయి. పడనీయండి. ఆ తల్లి వంకాయను వాటి చేతిలో పెట్టింది నేను.