కోసేసినా పోని మాట

ఇలా దగ్గరికి జరుగు బుజ్జమ్మా. ఆ చెవుల్లో తీగలు తీసెయ్. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

మీ అక్క పాడ్‌కాస్ట్ చేస్తుంది కదా. మేడ మీది హాల్లో జనాన్ని కూర్చోబెట్టి నవ్వించి, ఆ మాటలూ నవ్వులూ కలిపి రికార్డు చేసి, తర్వాత ఫోన్లలోకి వదులుతుంది. ఒకసారి నన్ను పిలిచింది.

"అమ్మమ్మా, నువ్వు ఇంట్లో వాగేదే అక్కడా వాగు, చాలు."

"నోరు జారితేనో?"

"జారనీ. వదిలే ముందు కోసేస్తాను. అతుకు కూడా తెలీదు."

ఆ మాట పట్టుకుని నేను ధైర్యంగా వెళ్లాను. తోడుగా మీ చిన్నమ్మమ్మను కూడా తీసుకెళ్లాను. నా సంచీ, కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని రెండో వరస మధ్యలో కూర్చుంది. నూట ఇరవై కుర్చీలు, ఒక్కటీ ఖాళీ లేదు.

"మా ఆయన గురకకి పక్కింటివాళ్లు గోడ బాదేవారు. నేనూ తిరిగి బాదేదాన్ని, నాకూ నిద్ర లేదని" అన్నాను. హాలంతా నవ్వింది. మొదటిసారి లిఫ్టు ఎక్కుతూ చెప్పులు బయట విడిచి, ఐదో అంతస్తులో వాటికోసం వెతుక్కున్నది చెప్పాను. ఇంకా నవ్వారు. ఈ వయసులో ఆ నవ్వు రుచి మరిగాను తల్లీ.

మూడోది పేలలేదు. ఎవరో దగ్గారు. ఒకాయన ఫోను చూసుకున్నాడు. అప్పుడు నా చూపు చెల్లెలి మీద పడింది.

వయసులో ఉన్నప్పుడు నా ఒళ్లో తల పెట్టుకుని, ఏడుస్తూ, అది నాకొక్కదానికే చెప్పుకున్న సంగతి ఒకటుంది. యాభై ఏళ్లు కడుపులో దాచాను. "అదిగో, మా చెల్లెలు అక్కడే కూర్చుంది" అని వేలు పెట్టి చూపించి మరీ చెప్పేశాను.

జనం పగలబడి నవ్వారు. అదీ వాళ్లతో పాటు నవ్వబోయింది. పెదాలు సగం విచ్చుకుని అక్కడే ఆగిపోయాయి. లేచి, సంచీ కుర్చీలో పెట్టి, దాని మీద కళ్లజోడు జాగ్రత్తగా ఆనించి, పక్కవాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ వెళ్లిపోయింది.

"అమ్మాయీ, ఇది కోసెయ్" అన్నాను మైకులోనే. జోకనుకుని చప్పట్లు కొట్టారు. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మీ అక్క మాట తప్పలేదు, కోసేసింది. వారం తర్వాత ఫోను పట్టుకుని చెల్లెలింటికి వెళ్లాను. ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది.

"వినవే, ఎక్కడా లేదు" అని పెట్టాను. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"బాగానే కోసింది పిల్ల" అంది. "పొద్దున కూరగాయల కొట్టాయన నన్ను చూసి నవ్వాడక్కా. ఎప్పుడూ నవ్వే మనిషే. ఆ రోజు హాల్లో ఉన్నాడేమో తెలీదు. ఇకమీదట ఎవరు నవ్వినా ఎందుకో నాకు తెలీదు."

"కోసేస్తారు కదా అనుకున్నానే."

"అంటే చెప్పేటప్పుడే తెలుసన్నమాట, అది కోయాల్సిన మాటని."

దుప్పటి రెండో కొస అందుకున్నాను. అది లాక్కోలేదు, అలాగని నా వైపు చూడనూ లేదు. అలాగే నాలుగు దుప్పట్లూ మడిచాం.

ఇది గుర్తుపెట్టుకో బుజ్జమ్మా. నీ తోటివాళ్లకీ, రేపు నీ పిల్లలకీ చెప్పు. నా తప్పు నా తప్పుగానే చెప్పు, వెనకేసుకు రాకు. ఆ సంగతేమిటని ఎవరైనా అడిగితే, మా అమ్మమ్మ నాక్కూడా చెప్పలేదను. నేను చెప్పలేదు కూడా, చూశావుగా.