గాలి లేని గది

ఒడెల్ ప్రూయిట్‌ను స్పేస్ షటిల్ తోక గదిలోంచి కాళ్ళు పట్టి బయటికి లాగింది మేమే. నేనూ, డెల్బర్టూ, ఇంకో ఇద్దరు. ఒంటి మీద చిన్న గాయం లేదు. పెదవులు మాత్రం బూడిద రంగుకి తిరిగాయి.

మంటలు లేవకుండా ఆ గదిని నైట్రోజన్‌తో నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలికి వెళ్ళిన మనిషి గాలి పీలుస్తున్నాననే అనుకుంటాడు. అలా అనుకుంటూనే కూలిపోతాడు. "గ్యాస్ ఆపేశాం, వెళ్ళొచ్చు" అని స్పీకర్లో చెప్పారు కాబట్టే ఒడెల్ వెళ్ళాడు. గ్యాస్ ఆగలేదు. తలుపు దగ్గర నిలబడి చూసుకోవాల్సిన మనిషిని పొదుపు పేరుతో ఆ వేసవిలోనే పీకేశారు.

అంబులెన్స్ ఇంకా గేటు దాటలేదు. మేనేజర్ హాస్కిన్స్ వచ్చి వాచీ చూసుకున్నాడు.

"మిగతా వాళ్ళు పనిలోకి దిగండి."

"మనిషి పోయాడు, మిస్టర్ హాస్కిన్స్," అన్నాను.

"నాకూ బాధగానే ఉంది లోరీన్. కానీ వైట్‌హౌస్ షటిల్ ఎగిరే తేదీ ఖాయం చేసేసింది. ప్రెసిడెంట్ గారు టీవీలో వ్యోమగాములతో మాట్లాడాలి. ఆయన్ని ఆగమని నువ్వు చెప్తావా?"

మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా వ్యోమగాముల నవ్వులు. లోపలెక్కడో టైర్ల ప్రకటన కింద ఒడెల్. 'సిబ్బంది పొరపాటు' అని రాశారు. విచారణ ఇంకా మొదలే కాలేదు. తీర్పు వచ్చేసింది!

ఆదివారం మధ్యాహ్నం యూనియన్ హాలు కిక్కిరిసింది. ఫ్యాన్లు తిరుగుతున్నా ఫ్లోరిడా ఉక్కకి చొక్కాలు ఒంటికి అంటుకుపోతున్నాయి. మాలో పెద్దవాడు డెల్బర్ట్ ముందుగా లేచాడు.

"చంద్రుడి మీదికి మనుషుల్ని పంపడం మానేసినప్పుడు ఈ ఊరు ఏమైందో మీకు తెలీదు. ఇళ్ళు బ్యాంకులకి వదిలేసి పోయారు జనం. నేను రొయ్యల పడవెక్కి బతికా. వాషింగ్టన్‌లో ఖర్చు ఖర్చు అని కత్తెర పట్టుకు కూర్చున్నారు. మనమే ఆలస్యం చేస్తే మొత్తం మూసి పారేస్తారు."

"అయితే చచ్చేదాకా నోరు మూసుకోమంటావా ముసలాడా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"బతకడానికే మూసుకోమంటున్నా!" డెల్బర్టూ అరిచాడు.

హాలంతా కేకలు. కుర్చీలు పడ్డాయి. ఆ గోలలోనే ఒడెల్ భార్య వెర్నా లేచింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తల మీది టోపీ కూడా తీయలేదు. ఆమెను చూసి ఒక్కొక్కరే సర్దుకున్నారు.

"కంపెనీవాళ్ళు మా ఇంటికొచ్చారు. పూలు తెచ్చారు. మా ఆయన తొందరపడ్డాడంట. డెల్బర్ట్, నువ్వక్కడే ఉన్నావుగా. తొందర ఎవరిదయ్యా?"

వెర్నా హాలంతా కలియజూసింది.

"నన్ను ఓదార్చకండి. రేపు ఆ గదిలోకి మీలో ఎవరు దూరతారో చెప్పండి చాలు. ఇంటికెళ్తూ వాళ్ళావిడకి చెప్పిపోతా, నల్లబట్టలు కుట్టించుకోమని."

డెల్బర్ట్ క్యాప్ తీసి చేత్తో నలిపాడు.

"నేను పోను," అన్నాడు.

ఆ తర్వాత పెద్ద వాదన జరగలేదు. మా కళ్ళముందు గాలి పరీక్షించాలి. తలుపు దగ్గర మనిషిని పెట్టాలి. ఎంత చిన్న పనివాడైనా "ఆపండి" అంటే ఆపాలి. అప్పటిదాకా ఎవరం లోపలికి వెళ్ళం.

సోమవారం పొద్దున షటిల్ పక్కనున్న టవర్ మీద, ఆ గది తలుపు ముందే ఇనప నేల మీద కూర్చున్నాం. హాస్కిన్స్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇది ప్రభుత్వ స్థలం! ఒక్కరోజు ఆలస్యమైతే దేశానికి ఎంత నష్టమో తెలుసా మీకు?"

"ఒడెల్ నష్టం ఎవరి ఖాతాలో రాశారు?" అన్నాడు డెల్బర్ట్. "పైకి పోయే వాళ్ళ గ్లౌజు చిరిగితే మొత్తం ఆపేస్తారుగా. మేం చస్తే వాచీ చూసుకుంటావా?"

"లోపల గాలి బాగానే ఉంది. నా మాట నమ్మండి."

"అయితే మీరు ఓసారి వెళ్ళి రండి," అన్నాను. "మీ వెనకే మేమూ వస్తాం."

హాస్కిన్స్ తలుపు వైపు చూశాడు. తర్వాత ఫోను దగ్గరికి నడిచాడు.

గార్డులు వచ్చారు. ముందు డెల్బర్ట్ చేతులకి బేడీలు వేశారు. మెట్ల మీద ఈడ్చుకుంటూ దించి మమ్మల్ని వ్యాన్లో కుక్కారు. ఉద్యోగాలు పోయాయని అక్కడే చెప్పారు.

వ్యాన్ జాలీలోంచి చూస్తే అలబామా నంబరు ప్లేటున్న బస్సు కనబడింది. మా బదులు పనిచేయడానికి రాత్రికి రాత్రే రప్పించిన మనుషులు. "అమ్ముడుపోయిన వెధవలు," అని పళ్ళు కొరికాం. వాళ్ళ మేస్త్రీ, ఎర్రజుట్టు ఆడమనిషి, ముందుగా దిగి బేడీల వైపు చూసింది.

"వీళ్ళేం దొంగతనం చేశారు?"

"ఆ గదిలో మనిషి చచ్చాడమ్మా!" వ్యాన్లోంచి డెల్బర్ట్ అరిచాడు. "గాలి పరీక్షించమంటే బేడీలేశారు!"

గార్డు లాఠీతో జాలీ మీద కొట్టాడు. ఆమె హాస్కిన్స్ వైపు తిరిగింది.

"నిజమేనా?"

"అదంతా తేలిపోయింది. పైకి పదండి, టైము లేదు."

"చచ్చాడా లేదా అని అడిగా."

హాస్కిన్స్ వాచీ చూసుకున్నాడు. ఆమె హెల్మెట్ తీసి కాంక్రీటు మీద పెట్టి, పక్కనే చతికిలబడింది. బస్సులోంచి దిగినవాళ్ళు దిగినట్టే కూర్చోసాగారు. వాళ్ళలో ఒక్కరి పేరూ మాకు తెలియదు.

వ్యాన్ కదిలింది. డెల్బర్ట్ బూట్లతో రేకు గోడను తన్నడం మొదలుపెట్టాడు. మేమందరం తన్నాం. గార్డు నోరు మూయమన్నాడు. నోళ్ళు మూసుకునే తన్నాం.