బచేలీలో సముద్రం

సముద్రానికి ఎంతో దూరాన, కొండల్లో ఉన్న బచేలీ ఇనుపగని కాలనీ పక్కన మిషన్ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన ఏడాదే లూచియా సిస్టరుకు రెండు కళ్లూ పోయాయి. ఆమెది ఇటలీ. పాతికేళ్లు మా శ్రీకాకుళం వైపు పనిచేసి, ముసలితనంలో ఇక్కడికి వచ్చింది. మా నాన్న రామ్మూర్తి కిరండూల్ రైలు లైనులో గ్యాంగుమేను, సొంతూరు కళింగపట్నం. సముద్రం ఎరిగినదాన్నని ఆమెకు నామీద ఆపేక్ష.

ఒకరోజు నాచేత ఇటాలియన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాయించింది. ‘ఫా కాల్దో’ అంటే వేడిగా ఉంది. ‘చె వెంతో’ అంటే గాలి వీస్తోంది. ‘ఇల్ మారె ఎ కాల్మో’ అంటే సముద్రం నెమ్మదిగా ఉంది. ‘మోస్సో’ అంటే అలలు రేగి ఉన్నాయి.

“రోజూ నాలుగ్గంటలకి ‘కొమె ఇల్ మారె’, సముద్రం ఎలా ఉంది అని అడుగుతాను. కిటికీలోంచి చూసి చెప్పు, రత్నం.”

కిటికీ అవతల ఇనుపకొండ, దాని కింద ఎర్రటి వాగు. పెద్దావిడ సంతోషం కోసం రోజూ ‘కాల్మో’ అనేదాన్ని. అనగానే ఆమె దుప్పటి పట్టుకుని వణికేది. ఎందుకో తెలిసేది కాదు.

ఆ వేళకి గదిలో ఉప్పుగాలి వాసన వచ్చేది. నా భ్రమే అనుకున్నాను. వార్డు ఊడ్చే పొజ్జే అనే ఆమెది అడవిలోని ఉసూరు అనే పల్లె, సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆమె కూడా గుమ్మంలో ఆగిపోయింది.

“ఏందక్కా ఈ వాసన? చేపలు కాదు, ఇంకేందో.”

ఆ సాయంత్రం నేను ‘కాల్మో’ అనగానే సిస్టరు నా చెయ్యి పట్టుకుంది. “చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని నేనూ అలాగే అన్నాను. పుస్తకంలోంచి తలెత్తకుండా. మా చెల్లి పావొలా నన్ను నమ్మి నీళ్లలోకి దిగింది.”

“దొరికిందా సిస్టర్?”

“లేదు. రోజూ అడుగుతోంది. నేను కాదు, అదే.”

మర్నాడు నాలుగైంది. సిస్టరు పెదవులు కదిలాయి. “కొమె ఇల్ మారె?” ఆ గొంతు చిన్నపిల్లది.

“ఇల్ మారె ఎ మోస్సో!” అన్నాను. వాసన ఇంకా చిక్కబడింది.

“నీళ్లలోంచి రా అని ఎట్లనాలె?” అంది, నిన్న అంతా విన్న పొజ్జే, గుమ్మంలోంచి.

“ఎష్షి దల్లాక్వా,” అని సిస్టరు గొణిగింది.

ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి ఆ మాటే కేకలేశాం. పొజ్జే వాగవతలి పశువుల్ని పిలిచినట్టు గొంతెత్తి అరిచింది. డ్యూటీ దిగి వెళ్తున్న మనుషులు తలలెత్తి చూశారు. ఉన్నట్టుండి వాసన ఆగిపోయింది.

సిస్టరు ఏడుస్తూ నవ్వింది. “ఒడ్డుకొచ్చింది. తువ్వాలివ్వండి, తడిసిపోయింది.”

ఇచ్చాను. ఆమె రెండు చేతులా దాన్ని విప్పి, ఎవరినో చుట్టి దగ్గరకు తీసుకున్నట్టు చాలాసేపు పట్టుకుంది. నేను తిరిగి తీసుకునేసరికి తువ్వాలు నీళ్లోడుతోంది.

నాలుగోరోజు సిస్టరు నిద్రలోనే పోయింది. ఆ నాలుగు రోజులూ మండే ఎండలో ఆరేసినా తువ్వాలు ఆరలేదు. తడిగానే మడిచి, ఆమె పక్కన శవపేటికలో పెట్టాం.