వెనక తలుపు తాళం

భీమవరం పక్కనున్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడగలిగింది ఆఫీసులో పనిచేసే సుప్రజ ఒక్కతే. అందుకే, సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఆడిటర్ వస్తోందనగానే మేనేజర్ మురళీకృష్ణ ఆమెను గదిలోకి పిలిచాడు.

"ఆవిడది చెన్నై అమ్మా, తెలుగు రాదు. మనవాళ్ళు చెప్పింది మీరే ఇంగ్లీషులో చెప్పాలి. ఒకరిద్దరు తెలియక ఏదో వాగుతారు. మీరు చూసుకుని చెప్పండి. మీ తమ్ముడు కూడా మన వ్యాన్ మీదే డ్రైవరుగా ఉన్నాడు కదా" అన్నాడు నవ్వుతూ.

తమ్ముడి మాట ఎందుకెత్తాడో సుప్రజకు అర్థమైంది.

ఆడిటర్ క్యాంటీన్‌లో కూర్చుని పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిపించింది. మొదట వచ్చినవాళ్ళు నేర్పించిన మాటలే అప్పజెప్పారు. తర్వాత ప్రిస్కిల్లా వచ్చింది. పదకొండేళ్ళుగా ఇక్కడే రొయ్యలు ఒలుస్తోంది. ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ సందులు తెల్లగా ఒరుసుకుపోయాయి.

"హాలు వెనక తలుపుకి బయట నుంచి తాళం వేసేస్తారండి, రొయ్యలు పట్టుకుపోతామని. పోయిన వారం ముందు తలుపు వైపున్న ఫ్రీజర్ల అమ్మోనియా గొట్టం కారి కళ్ళు మండిపోయాయి. తలుపు బాదినా ఎవరూ తియ్యలేదు. ఈవేళ ఈవిడొస్తున్నారని తీశారు. అదంతా చెప్పండి అమ్మాయిగారూ."

ఆడిటర్ కలం పట్టుకుని సుప్రజ వైపు చూసింది. బయట వరండాలో మురళీకృష్ణ పచార్లు చేస్తున్నాడు. తలుపులు ఎప్పుడూ ఓపెన్‌గానే ఉంటాయట, ఇబ్బందేమీ లేదట అని సుప్రజ ఇంగ్లీషులో చెప్పింది. ఆడిటర్ రాసుకుంది.

"ఓపెన్ అన్నారేంటండి?" అంది ప్రిస్కిల్లా.

సుప్రజ తర్వాతి మనిషిని పిలిచింది.

ఆడిటర్ కారు గేటు దాటగానే వెనక తలుపుకి మళ్ళీ తాళం పడింది. ఆర్డరు ఖాయమైంది. మురళీకృష్ణ మెచ్చుకుని సుప్రజను రొయ్యలు ఒలిచే హాలుకు సూపర్‌వైజర్‌గా వేశాడు. ఇప్పుడామె రోజుకి ఎనిమిది గంటలు ఆ తలుపుకి లోపలి వైపే నిలబడాలి. ప్రిస్కిల్లా ఆమెతో పని మాట తప్ప వేరే మాట ఆడేది కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం మళ్ళీ అమ్మోనియా ఘాటు మొదలైంది. మొదట ముందు తలుపు పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గారు. కాసేపటికి హాలంతా దగ్గే. సుప్రజ మేనేజర్‌కి ఫోన్ చేసింది.

"ఫ్యాన్లు వేయించండమ్మా, తగ్గిపోద్ది."

"తాళం తీయించండి సార్, ఊపిరాడట్లేదు."

"అంత తొందరేంటమ్మా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అరగంటకి ఘాటు తగ్గింది. ఇద్దరు వాంతులు చేసుకుని గోడవారగా చతికిలబడ్డారు. కుళాయి దగ్గర కళ్ళు కడుక్కుంటున్న ప్రిస్కిల్లా పక్కకి వెళ్ళి, "ఆరోజు మీరన్నది నేను చెప్పలేదండి" అంది సుప్రజ.

"తెలుసమ్మా. రేపేం చేద్దాం మరి?"

సుప్రజ ఆ సాయంత్రమే ప్రిస్కిల్లా మాటలన్నీ ఉన్నవున్నట్టు ఆడిటర్‌కి మెయిల్ చేసింది. జవాబు రాలేదు. మర్నాడు ఉదయం, తాళం తీస్తేగాని లోపలికి రామని షిఫ్టు అరవైమందీ గేటు బయటే ఆగిపోయారు. సుప్రజ అందరికంటే ముందు నిలబడింది.

మురళీకృష్ణ వచ్చి చూశాడు. కేకలు వెయ్యలేదు. "మీ ఇష్టం అండి" అని వెళ్ళిపోయాడు.

గంటలో పక్క ఊరి కూలీల హాస్టల్ నుంచి రెండు బస్సులొచ్చాయి. భుజాన సంచులతో దిగిన ఆడపిల్లలంతా ఒడిశా వాళ్ళు. సుప్రజ ఎదురెళ్ళి తెలుగులో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది, తాళం వేసినట్టు చేత్తో చూపించింది. ఒకమ్మాయి సిగ్గుగా నవ్వి లోపలికి నడిచింది. మిగతావాళ్ళూ ఆమె వెంటే వెళ్ళారు. వాచ్‌మన్ గేటు మూశాడు.

"వాళ్ళ భాష వచ్చినోళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండమ్మా" అంది ప్రిస్కిల్లా.

నిడదవోలు స్టేషన్ దగ్గర టిఫిన్ కొట్టు నడిపే ఒడిశా ఆయన నంబరు ఎవరో ఇచ్చారు. సుప్రజ డయల్ చేసింది. అవతల రింగవుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. గోడ లోపల ఫ్రీజర్ మోటార్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి.