వీధి గుమ్మం దాకా

ఆ డయాలిసిస్ కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె బండ్లక్క. ఐదు వ్యాన్లు, ఏడుగురు డ్రైవర్లు, వారానికి మూడుసార్లు వచ్చి రక్తం శుద్ధి చేయించుకోవలసిన అరవై మంది రోగులు. ఎవరిని ఏ బండి ఎన్నింటికి ఎక్కించుకోవాలి, ఎవరిని ముందు దింపాలి, ఎవరిని వెనక దింపాలి అనే చిక్కుముడిని పంతొమ్మిదేళ్లుగా ఆమె ఒక్కతే విప్పుతూ వచ్చింది. గోడకు ఒక చెక్క, దాని నిండా మేకులు, మేకులకు రోగుల పేర్లున్న అట్టముక్కలు. ఒకరికి సూది దిగడం ఆలస్యమైతే చాలు, రెండు అట్టలు అటు, మూడు అట్టలు ఇటు మార్చేసి, ఫోనులో డ్రైవర్ని కేకలేసి, ఏమీ జరగనట్టు కాఫీ తాగేది.

ఆ అరవై మందిలో ఒకడు ఆమె సొంత తమ్ముడు. తల్లి పోయాక ఆమే ఎత్తుకుని పెంచినవాడు. మంచి దర్జీ. కిడ్నీలు పాడయ్యాక కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, మూడో అంతస్తులో ఒక్క గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. "నా దగ్గరికి వచ్చెయ్యరా" అంటే, "బావ గురకా నా దగ్గూ ఒక కొంపలో ఇమడవే అక్కా" అని నవ్వేసేవాడు. ఆ ఇంటికి లిఫ్టు లేదు. డయాలిసిస్ అయినరోజు వాడికి బీపీ పడిపోయేది, కళ్లు తిరిగేవి. అలాంటివాణ్ణి మూడంతస్తుల మెట్ల ముందు వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

అందుకని నాలుగేళ్లుగా బండ్లక్క ఒక పని చేస్తూ వచ్చింది. తమ్ముడి అట్టను పెద్ద డ్రైవరు బండిలో అందరికన్నా చివర తగిలించేది. నిజానికి వాడి ఇల్లే కేంద్రానికి అందరి ఇళ్లకన్నా దగ్గర. అయినా వాడు ఊరంతా తిరిగి చివర దిగేవాడు. అప్పటికి బండి ఖాళీ అయ్యేది కాబట్టి, పెద్ద డ్రైవరు తాపీగా వాడి చెయ్యి పట్టుకుని, మలుపు మలుపుకీ కూర్చోబెట్టి, గదిలో మంచం మీద పడుకోబెట్టి, మంచినీళ్లిచ్చి దిగివచ్చేవాడు. పాతిక నిమిషాల పని. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఇలా ఉండగా కేంద్రంలో మంచాలు రెట్టింపు చేశారు. నూటపాతిక మందిని మేకులకు తగిలించడం మనిషి వల్ల కాదన్నాడు మేనేజరు. ప్రణాళికలు వేసే ప్రోగ్రాం ఒకటి తెప్పించాడు. దాంతోపాటు వచ్చిన ఇంజనీరు అమ్మాయి తొమ్మిది రోజులు బండ్లక్క పక్కనే కుర్చీ వేసుకుంది.

"ఇది తెలివిలో దిట్టే అక్కా, కానీ లోకజ్ఞానం సున్నా," అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో మనం చెప్పాలి. బండి ఏమేం పనులు చెయ్యగలదో చెప్పాలి. ఒక్కో పనికి ముందు ఏముండాలి, చేశాక ఏం మారుతుంది, ఎన్ని నిమిషాలు పడుతుంది, అంతా చెప్పాలి. చివరికి ఏం జరగాలో కూడా చెబితే, మధ్య దారి అదే వెతుక్కుంటుంది."

"మరి మనం చెప్పనిది?"

"చెప్పనిది దానికి లేనట్టే."

బండ్లక్కకు హుషారొచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఆమె బుర్రలో ఏముందో అడిగినవాళ్లే లేరు మరి! చక్రాల కుర్చీవాళ్లకు వెనక తలుపున్న బండే కావాలంది. లెక్కల మేష్టారు వెనక సీట్లో కూర్చుంటే వాంతి చేసుకుంటాడంది. ఫలానా వియ్యపురాళ్లిద్దర్నీ ఒకే బండిలో వేస్తే డ్రైవరు చెవులు దక్కవంది. ఆ అమ్మాయి పడీపడీ నవ్వి, అది కూడా రాసుకుంది. మొత్తం నూటపన్నెండు నియమాలు తేలాయి.

తొమ్మిదో రోజు ఆ అమ్మాయి అడిగింది. "దింపడమంటే ఎక్కడి దాకా అక్కా? వీధి గుమ్మం దాకానా, మంచం దాకానా?"

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. అంతకు వారం ముందే ఒక గుమాస్తా తన పిన్నిని వరస తప్పించి ముందు మంచం ఎక్కించాడని కేంద్రమంతా గుప్పుమంది. ఇంకా నలుగురు చేరిన చోటల్లా అదే మాట. బండ్లక్క మేనేజరు వైపు ఓరగా చూసింది. నాలుగేళ్లుగా కేంద్రం బండినీ, డ్రైవరునీ సొంత తమ్ముడికి వాడుకుందంటారేమో! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"వీధి గుమ్మం దాకా," అంది. "రెండు నిమిషాలు చాలు."

"మేడల మీద ఒంటరిగా ఉండేవాళ్లెవరైనా..."

"అందరికీ ఇంట్లోవాళ్లు ఎదురొస్తారు."

తక్కినవాళ్లందరి విషయంలోనూ అది నిజమే. ఆ ఒక్కడి విషయంలోనే అబద్ధం. వియ్యపురాళ్ల కీచులాటకు కూడా నియమం రాయించిన మనిషికి, తోడబుట్టినవాడి ప్రాణం దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. ఏం మనుషులమో, ఏం బతుకులో!

మొదటి ప్రణాళిక వచ్చింది. తెర మీద పెద్ద డ్రైవరు బండిలో తమ్ముడి పేరు అందరికన్నా ముందుంది. ఇల్లు దగ్గర, పని రెండు నిమిషాలు, ఇంకెక్కడ పెడుతుంది? దాని తప్పేమీ లేదు. పేరు పక్కనే అభ్యంతరం చెప్పుకునే గడి కూడా ఉంది, కానీ కారణం రాయాలి. రాసింది మేనేజరుకూ డ్రైవర్లకూ అందరికీ కనిపిస్తుంది. బండ్లక్క "మెట్లు" అని కొట్టింది. చెరిపేసింది. మేనేజరుతో విడిగా మాట్లాడదామనుకుంది. ఆ వారం తనిఖీలన్నారు, పై వారం ఆయన సెలవన్నాడు. మనసులో లేనిదానికి సాకులు వాటంతటవే దొరుకుతాయి.

డయాలిసిస్ రోజుల్లో మాత్రం మధ్యాహ్నం ఫోను చేసేది.

"మెట్లెక్కావురా?"

"ఎక్కానే. ఇప్పుడు నేను మొదటివాణ్ణి కదా, దర్జాగా దిగుతున్నా."

"పెద్ద డ్రైవరు పైదాకా వస్తున్నాడా?"

"వస్తున్నాడులేవే, నీకన్నీ అనుమానాలే."

తెర మీద చూస్తే బండి ఆ గుమ్మం ముందు ఆగేది రెండే రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో మూడంతస్తులు ఎక్కించి దిగిరావడం ఎవరి తరమూ కాదని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా తమ్ముడి మాటే నమ్మింది. అది నమ్మితేనే ఆ పూట అన్నం సహించేది.

నాలుగో వారం, గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేసి, చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తింది. రెండో అంతస్తు దాటిన మలుపులో తమ్ముడు బోర్లా పడి ఉన్నాడు. తల గోడకు కొట్టుకుంది. ఒళ్లు అప్పటికే చల్లబడింది. "ఒరేయ్, ఒరేయ్" అంటూ తల ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది. కింద వాటాలవాళ్లు పనులకు వెళ్లిన వేళ, ఆ కేక విన్నవాళ్లు కూడా లేరు.

వారం తర్వాత మేనేజరు గదిలో విచారణ జరిగింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, అక్కడ చిటికెడు తీసుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు. ప్రోగ్రాం చెప్పింది చెప్పినట్టు చేసిందన్నారు. చివరికి అందరి చూపూ పెద్ద డ్రైవరు మీదికి తిరిగింది.

"నాలుగేళ్లు పైకెక్కించినవాడివి, చూస్తూ చూస్తూ ఎలా వదిలేసి వచ్చావయ్యా?" అన్నాడు మేనేజరు.

పెద్ద డ్రైవరు తల వంచుకున్నాడు.

"ఆయన్నేమీ అనకండి," అంది బండ్లక్క. "నేనే చెప్పలేదు. మరిచిపోయి కాదు, తెలిసే చెప్పలేదు. నావాడికి చేసుకుంటున్నానని అంటారని భయపడ్డాను."

మేనేజరు కళ్లజోడు తీసి, "ఎవరంటారమ్మా? ఆ అబ్బాయి సంగతి తెలియనివాళ్లెవరిక్కడ? ఇంకేదో ఏర్పాటు చేసుకున్నావనుకున్నాం," అన్నాడు మెల్లగా.

ఇంజనీరు అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "నిన్న వేసి చూశానక్కా. అతన్ని చివర దింపి పాతిక నిమిషాలిచ్చినా, మొత్తం మీద పెరిగేది ఆరు నిమిషాలే. దానికది లెక్కే కాదు."

బండ్లక్క బయటికొచ్చింది. వెనకే పెద్ద డ్రైవరు వచ్చాడు. వ్యాన్ల షెడ్డు పక్కన ఆమెను ఆపాడు.

"లోపల చెప్పలేకపోయాను తల్లీ," అన్నాడు. "మొదటిరోజే చెయ్యి పట్టుకున్నాను. బండిలో ఇంకా ఐదుగురున్నారు, ఉంటే ఉన్నారు, ఒక మలుపైనా ఎక్కిస్తానన్నాను. చెయ్యి విడిపించుకున్నాడు."

"ఎందుకు బాబాయ్?"

"'మా అక్క అందరి గురించీ చెప్పి, నా గురించి మరిచిపోతుందా బాబాయ్? చెప్పలేదంటే చెప్పలేక చెప్పలేదు. నువ్వు ఆలస్యం చేస్తే ఎందుకని అడుగుతారు, మాట దాని మీదికొస్తుంది. అక్క అడిగితే పైదాకా వస్తున్నావనే చెప్పు' అని ఒట్టు వేయించుకున్నాడు. అప్పట్నుంచి నేను బండి తిప్పేదాకా నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. ఆ తర్వాతే మెట్టెక్కేవాడు."

లోకం ఏమంటుందోనని నెలరోజులు నిద్ర లేకుండా గడిపింది బండ్లక్క. లోకం ఏమీ అనుకోలేదు. తమ్ముడొక్కడికే అంతా తెలుసు. తెలిసే, అక్కకు మాట రాకూడదని, ఆ మెట్లన్నీ ఒంటరిగా ఎక్కాడు. ఆమె షెడ్డు గోడకు ఆనుకుని, పెద్ద డ్రైవరు చూస్తుండగానే చిన్నపిల్లలా బావురుమంది.