చెల్లెలి డిపోలో అక్క

బడిలో అక్కది ఎప్పుడూ మొదటి ర్యాంకే. చెల్లెలు గట్టెక్కితే చాలనుకునేవారు ఇంట్లో. బడి వదిలాక లెక్క తారుమారైంది. అక్క ఒకదాని తర్వాత ఒకటి రెండు కోర్సుల్లో చేరి, రెండూ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చుంది. అందరూ బుజ్జి అని పిలిచే చెల్లెలు మాత్రం డ్రైవింగ్ నేర్చుకుని సిటీ బస్సు నడుపుతోంది.

పొద్దున్నే బుజ్జి నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే అక్కకు ఒళ్లు మండిపోయేది. నాన్న దారిన పోయేవాళ్లను ఆపి మరీ, "అదిగో, మా చిన్నది!" అని బస్సు చూపించేవాడు. అది విన్నప్పుడల్లా అక్క లోలోపల ఉడికిపోయేది. పైకి మాత్రం, "దాని చేతికి అంత బస్సు ఇచ్చినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి" అని నవ్వేసేది.

ఒకరోజు బుజ్జి భోజనం డబ్బా మరిచిపోయి వెళ్లింది. "ఖాళీగానే ఉన్నావుగా, ఇచ్చిరా" అంది అమ్మ. ఆ 'ఖాళీ' దారి పొడవునా గుచ్చుతూనే ఉంది.

డిపో గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడ్డాడు. "బుజ్జమ్మ అక్కగారా? రండి రండి!"

అక్క ముఖం మాడిపోయింది. ఒకప్పుడు బుజ్జినే తన చెల్లెలిగా గుర్తుపట్టేవారు.

బుజ్జి బస్సు ఇంకా రాలేదు. ఎక్కడ నిలబడాలో తెలియక అక్క షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ ఒకావిడ చిరిగిన సీటు విప్పి, లోపలి స్పాంజి సర్ది, దళసరి గుడ్డ లాగిపట్టి వంకర సూదితో అంచు కుడుతోంది. అక్క అడుగు ముందుకు పడలేదు. ఆ చేతులను చూస్తుంటే చెల్లెలి మీద కూడా ఏనాడూ కలగనంత అసూయ ముంచుకొచ్చింది. తనకే విచిత్రంగా తోచింది. బుజ్జిని చూసి ఇంత కుళ్లుకుందా, ఆ స్టీరింగు పట్టుకోవాలని ఒక్కనాడూ అనిపించలేదు. ఈ సూది మాత్రం లాక్కోవాలనిపించింది.

"నేనొక కుట్టు వెయ్యనా అండీ?"

ఆవిడ ఎగాదిగా చూసి సూది ఇచ్చింది. "గుడ్డను బతిమాలకమ్మా, గట్టిగా లాగు."

కుట్టు పాములా మెలికలు తిరిగింది. ఆవిడ చకచకా విప్పేసి, "మళ్లీ వెయ్యి" అంది. ఈసారి కాస్త దారికొచ్చింది.

"నాకు నేర్పుతారా?"

"రేపు రా. మా సూపర్‌వైజరుతో మాట్లాడతాను. వేళ్లు బొబ్బలెక్కితే మాత్రం నన్ను తిట్టుకోకు."

అంతలో బుజ్జి వచ్చింది. "అక్కా! ఇక్కడేం చేస్తున్నావు?"

"కనబడట్లేదా? కుడుతున్నాను. రేపటి నుంచి ఇక్కడే పని నేర్చుకుంటా."

బుజ్జి ముఖం వెలిగిపోయింది. "భలే! అయితే రోజూ నా బస్సులోనే వచ్చెయ్."

అక్కకు మళ్లీ చుర్రుమంది. ఇన్నాళ్లకు తనకంటూ ఒకటి దొరికితే, అదీ దీని గుమ్మంలోనే దొరకాలా!

"నీ బస్సేం అక్కర్లేదు. నడిచొస్తాను."

మర్నాడు నిజంగానే నడిచి బయల్దేరింది. దారిలో బుజ్జి హారన్ కొట్టి, చెయ్యి ఊపుతూ దాటిపోయింది. అక్క తల తిప్పలేదు. ఆలస్యమైతే ఆ సీట్లావిడ తనను వదిలేసి మొదలుపెట్టేస్తుందేమోనని అడుగులు పెంచింది.