మూడో ప్రకటన

నాకు అసూయ లేదని ఎవరైనా అంటే వాళ్లు నన్ను ఎరగరన్నమాట. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే పని నాది. ఆరేళ్లుగా తిరగబడ్డ అక్షరాలతోనే బతుకుతున్నాను కాబట్టి తిరగబడ్డ రాతను మామూలు రాతలాగే చదివేస్తాను. ఆ విద్యే నా కొంప ముంచింది.

యుద్ధం ముగిసిన ఏడాది, మా ఆఫీసులోనే ప్రూఫులు దిద్దే ఆయనతో నా పెళ్లి కుదిరింది. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. రెండు అయిపోయాయి. ఆ సోమవారం ఆయన బల్ల మీదున్న అద్దుడు కాగితానికి తడి సిరా అంటుకుని రెండు వరుసలు తిరగబడి కనిపించాయి. "నీ ఉంగరం ఇంకా నా దగ్గరే ఉంది. నీ సంగతి ఆమెకు చెప్పలేదు."

నాకంటే ముందు ఎవరైనా ఉన్నారా అని ఎన్నిసార్లు అడిగానో, ఎవరూ లేరని అన్నిసార్లు చెప్పిన మనిషి. టపాకు పంపే ఉత్తరాల పళ్లెంలో ఆయన కవరు ఒక్కటే ఉంది, సైనికుల ఆసుపత్రిలోని ఒక నర్సు పేరు మీద. తీసి జేబులో పెట్టుకున్నాను. విప్పితే పాపం, దాస్తే కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆ వారమంతా, ఎన్నడూ చూడని ఆ నర్సుకు సన్నటి నడుము, మెత్తటి మాట, తెల్లటి చేతులు నేనే తయారు చేసి పెట్టాను. నా చేతులకేమో ఎంత తోమినా సీసం నలుపు వదలదు.

"మొహం అలా మాడ్చుకున్నావేంటే?" అంది మా అక్క.

"పని ఎక్కువైంది" అన్నాను.

ఆదివారం పాస్టరుగారు మూడో ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండన్నారు. కడిగేద్దామని నేను లేవబోయాను. నాకంటే ముందు ఆయన లేచాడు.

"అభ్యంతరం నాదేనండి. ఇదివరకు ఒకావిడకు పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పాను. ఈ అమ్మాయి అడిగితే ఎవరూ లేరని అబద్ధం చెప్పాను. ఉంగరం తిరిగిస్తాను, క్షమించమని ఆవిడకు ఉత్తరం రాశాను. వారమైనా జవాబు లేదు. క్షమించలేదనుకుంటాను."

అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత నా వైపు జాలిగా చూశారు. ఆ జాలి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కదలకుండా కూర్చుంటే చాలు, తప్పంతా ఆయనదే అవుతుంది.

లేచాను. "జవాబెలా వస్తుంది? ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది."

పాస్టరుగారు పెళ్లి వాయిదా వేసి మమ్మల్ని బయటికి పంపారు. మెట్ల మీద కవరు ఆయన చేతికిచ్చాను. అంటించింది అంటించినట్టే ఉంది.

"విప్పకుండా ఎందుకు దాచావు?"

"కడుపుమంటండీ. ఇంకేముంటుంది?"

"నేను నిజం చెప్పుంటే నువ్వు దొంగతనం చేసేదానివి కాదు."

"నా దొంగతనానికి మీరు పూచీ పడొద్దు. నన్ను క్షమిస్తారా లేదా చెప్పండి."

"నువ్వు నన్ను క్షమిస్తే" అన్నాడు. ఇద్దరం వెళ్లి ఉత్తరం పోస్టులో వేశాం. ఆవిడ జవాబు వచ్చాకే పెళ్లి మాట అనుకున్నాం.

పది రోజులకు వచ్చింది. ఆయన విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పాలని చేతులు దురద పెట్టాయి. తిరిగిచ్చేశాను.

"మీకొచ్చింది. మీరే చదవండి, పైకి."

క్షమించానని, ఉంగరం పంపమని, ఇకనైనా అబద్ధాలు మానమని రాసింది. ఒక్క కొట్టివేత లేదు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఈవిడ చేతిరాత కూడా బాగుందండీ. నాకు ఒళ్లు మండుతోంది."

ఆయన ఉత్తరం మడిచి, "దాచకుండా చెప్పావు, అది చాలు" అన్నాడు.